అమృతాంజనం సీసా వెనుక మనిషి: బోణీ కాని రోజులను దాటిన కాశీనాథుని నాగేశ్వరరావు

కార్వేటినగరం లాంటి ఊళ్లో కొత్త అంగడి తెరవడం అంటే, ఊరంతా చూస్తుండగా పరీక్ష రాయడమే. బిస్మిల్లా చెప్పి షట్టర్ ఎత్తిన రోజు బంధువులందరూ వస్తారు. ఇమామ్ సాబ్ దుఆ చేస్తారు. మిఠాయి పంచుతారు. పక్క అంగడివాళ్లు కూడా వచ్చి చేయి కలిపి పోతారు. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. రెండో నెల అద్దె తేదీ దగ్గరికొస్తుంది. జొహర్ నమాజ్ అయిపోయినా బోణీ కాదు. రోడ్డు మీద పోయేవాళ్లు తల తిప్పి చూస్తారు, లోపలికి మాత్రం రారు. మంచి సరుకు కావాలంటే పుత్తూరుకో తిరుపతికో పోవాలనేది జనానికి పడిపోయిన అలవాటు. ఇంటికొస్తే అమ్మీ ఆ రోజు బేరం ఎలా జరిగిందని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికే ఇషా తర్వాత కూడా ఇంటికి పోకుండా బయట తిరిగే కుర్రాళ్లున్నారు.

ఆ రాత్రి తల పట్టేస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు అల్మారాలోంచి చిన్న గాజు సీసా తీసి కణతలకు పసుపురంగు మందు రాస్తారు. మన ఇళ్లలో జిందా తిలిస్మాత్ సీసా పక్కనే ఈ సీసా కూడా ఉంటుంది. అదే అమృతాంజనం. తాతల కాలం నుంచి వాడుతున్నాం కాబట్టి, అది కూడా ఒకప్పుడు ఎవరూ కొనని కొత్త సరుకే అన్న సంగతి మనకు గుర్తుకు రాదు. దాన్ని తయారుచేసిన తెలుగు మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు. ఆయనను పత్రికాధిపతిగా, దేశభక్తుడిగా, దాతగా అందరూ చెప్పుకుంటారు. ఈ రోజు మనం చెప్పుకునేది అంతకుముందు నాగేశ్వరరావు గురించి. డిగ్రీ చేతిలో పట్టుకుని, ఉద్యోగం వద్దనుకుని, ఊరు కాని ఊళ్లో వ్యాపారం మొదలుపెట్టిన పాతికేళ్ల యువకుడి గురించి.

పట్టా ఉంది, ఉద్యోగం వద్దు

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లాలో పుట్టారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. వ్యాపారం వంశపారంపర్యంగా వచ్చిన కుటుంబం కాదు. పిల్లవాడు చదువుకున్నాడు, బందరు చూశాడు, ఆపై మద్రాసు వెళ్లి క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టా పుచ్చుకున్నాడు.

ఆ కాలంలో ఆ పట్టాకు ఎంత విలువో మనం కొంచెం ఊహించుకోవాలి. అప్పుడు మన కార్వేటినగరం ఒక జమీందారీ. చిత్తూరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. చిత్తూరు జిల్లా అనేదే 1911లో గానీ ఏర్పడలేదు. ఇక్కడి నుంచి బందరు దాకా అంతా మద్రాసు రాజధాని కిందే ఉండేది. అంత పెద్ద రాజధానిలో ఇంగ్లీషు చదివి పట్టా పొందినవాడికి కచేరీలో కుర్చీ, నెల తిరిగితే జీతం, ఊళ్లో మర్యాద దొరికేవి. ఇంట్లో ఒకడు బీఏ అయితే చుట్టాలంతా ఎదురుచూసేది దానికోసమే.

ఈ నాగేశ్వరరావు మాత్రం వ్యాపారం వైపు తిరిగారు. కందుకూరి వీరేశలింగం వ్రాతల ప్రభావం ఆయన మీద చిన్నతనం నుంచే ఉంది. పదిమంది నడిచే దారే సరైనదని అనుకునే స్వభావం ఆయనది కాదు. అయినా, సర్కారు కొలువు దొరికే అవకాశం ఉండి కూడా అంగడి పెట్టుకునేవాడి మీద ఇంటివాళ్ల దిగులు, ఊరివాళ్ల ఎగతాళి ఎలా ఉంటాయో మన పిల్లలకు బాగా తెలుసు. ఇంజినీరింగ్ చదివి బట్టల షాపు పెట్టినవాడిని, డీఎడ్ చేసి బేకరీ తెరిచినవాడిని నేటికీ మనం ఎలా చూస్తున్నాం? నూట ముప్పై ఏళ్లయినా ఈ విషయంలో లోకం పెద్దగా మారలేదు.

మూడు నగరాలు, రెండేళ్లు

ముందు మద్రాసులోనే కొన్నాళ్లు వ్యాపారం చేశారు. అక్కడ నిలదొక్కుకోలేదు. తర్వాత కలకత్తా వెళ్లి ఉద్యోగంలో చేరి, మందులు తయారుచేసే పద్ధతులు నేర్చుకున్నారు. అక్కడి నుంచి బొంబాయి చేరి, విలియం అండ్ కంపెనీ అనే దొరల సంస్థలో పనికి కుదిరారు. పట్టా పొందింది 1891లో. అమృతాంజనం కంపెనీ పెట్టింది 1893లో. అంటే ఈ మూడు నగరాల తిరుగుడంతా దాదాపు రెండేళ్లలో జరిగిపోయింది.

పైనుంచి చూస్తే ఇది నిలకడలేని మనిషి కథలా కనబడుతుంది. ఒక ఊళ్లో వ్యాపారం వదిలేశాడు, ఇంకో ఊళ్లో ఉద్యోగం వదిలేశాడు, మూడో ఊళ్లో మళ్లీ ఒకరి కింద చేరాడు. మన వాడలో ఎవరైనా కుర్రాడు ఇలా చేస్తే వాడి పెళ్లి సంబంధాలు కూడా వెనక్కి పోతాయి. దగ్గరగా చూస్తే మాత్రం కథ వేరేగా ఉంది. మద్రాసులో సొంత వ్యాపారం అంటే ఏమిటో తెలిసింది. కలకత్తాలో సరుకు తయారీ తెలిసింది. బొంబాయిలో ఆ సరుకును అమ్మే పెద్ద బజారు తెలిసింది. వేరేవాళ్ల దగ్గర జీతం తీసుకుంటూనే వ్యాపారంలో కావలసినవి ఒక్కొక్కటిగా సంపాదించుకున్నారు.

మొదటి ప్రయత్నం నిలవకపోతే మనిషికి కలిగే బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. నేను పనికిరానివాడినేమో అన్న అనుమానం లోపల కూర్చుంటుంది. నాగేశ్వరరావు మద్రాసును వదిలిన తర్వాత వెంటనే ఇంకో అంగడి తెరవలేదు. అలాగని వ్యాపారం నాకు రాసిపెట్టి లేదని కచేరీ కొలువుకూ పోలేదు. మధ్య దారి పట్టారు. కొన్నాళ్లు నేర్చుకునేవాడిగా ఉండిపోయారు. ఒకసారి సొంతంగా గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడికి మళ్లీ ఒకరి కింద గుమాస్తాగా నిలబడటం తేలిక కాదు. అహం చాలా అడ్డుపడుతుంది. ఆయన ఆ గడప దాటారు.

ఇక్కడ మనకు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి.) గుర్తుకు రావాలి. మక్కాలో పేరున్న వ్యాపారి. హిజ్రత్ చేసి మదీనాకు వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. ప్రవక్త ముహమ్మద్ (స) ఆయనకు, మదీనావాసి సాద్ బిన్ రబీ (రజి.)కి మధ్య సోదర బంధం కలిపారు. సాద్ తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ ఆయనకు బర్కత్ కోసం దుఆ చేసి, బజారుకు దారి మాత్రం అడిగారు. నెయ్యి, ఎండబెట్టిన జున్ను లాంటి చిన్న సరుకులతో మొదలుపెట్టారు. కొత్త ఊళ్లో, నిన్నటి గొప్పను పక్కనబెట్టి, చిన్న బేరంతో మొదలుపెట్టడం మనకు సిగ్గుపడాల్సిన విషయం కానే కాదు. అది మన పెద్దల బాట.

ఎవరికీ తెలియని సరుకు

1893లో బొంబాయిలో అమృతాంజనం పుట్టింది. తలనొప్పికి, ఒళ్లునొప్పులకు పైన రాసుకునే మందు. కర్పూరం, మెంథాల్ లాంటి వాటి ఘాటు, చల్లదనం దాని బలం. రాసిన కొన్ని నిమిషాల్లోనే నుదుటి మీద చల్లగా తగిలి, ఆ తర్వాత వెచ్చబడుతుంది.

సరుకు మంచిదే. కానీ కొనేదెవరు? బొంబాయి అప్పటికే లక్షల జనం ఉన్న మహానగరం. గుజరాతీ, పార్సీ, మేమన్, బోహ్రా వ్యాపారులు తరతరాలుగా పాతుకుపోయిన బజారు అది. మందులంటే విలాయతీ సీసాల మీదే జనానికి గురి. అలాంటి చోట ఒక తెలుగువాడు, చుట్టాల బలం, కులపు వ్యాపారుల అండ లేకుండా, పేరు తెలియని మందు పట్టుకుని నిలబడ్డాడు. నగరంలో తెలుగువాళ్లు లేకపోలేదు. కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వచ్చిందే మన ప్రాంతాల నుంచి కూలికి వెళ్లిన కామాఠీల వల్ల. అయితే వాళ్లు రెక్కలాడితే గానీ డొక్కాడని శ్రామికులు. కొత్త మందుకు వాళ్లు పెద్ద గిరాకీ కాలేరు.

కొత్త వ్యాపారిని కుంగదీసేది ఈ దశే. నష్టం వచ్చినా అంత బాధ ఉండదు, ఎవరూ పట్టించుకోకపోతే ఉంటుంది. రోజుకు పదిమంది వద్దని వెళ్లిపోతే, వాళ్లు వద్దన్నది సరుకునా, నన్నా అన్న తేడా చెరిగిపోతుంది. కొందరు అక్కడ కోపం తెచ్చుకుంటారు. కొందరు ధర తగ్గించుకుంటూ పోయి చివరికి అసలుకే మోసం తెచ్చుకుంటారు. కొందరు గొంతు పెంచి లేనిపోని గొప్పలు చెబుతారు.

నాగేశ్వరరావు వేరే పని చేశారు. సంగీత కచేరీలు జరిగే చోటికి వెళ్లి, వచ్చినవాళ్లకు అమృతాంజనం ఉచితంగా పంచిపెట్టారు.

ఇది ఇప్పుడు అందరికీ తెలిసిన కిటుకే. షాంపూ చిన్న ప్యాకెట్లు ఊరికే ఇవ్వడం, బిర్యానీ సెంటర్ తెరిచిన రోజు రుచి చూపించడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ రోజుల్లో సరుకును ఊరికే ఇవ్వడానికి గుండె కావాలి. పెట్టుబడి తక్కువ, ప్రతి సీసాకూ ఖర్చయింది, అలాంటప్పుడు పైసా రాకుండా చేతిలో పెట్టడం. కానీ ఆ ఎంపికలో లోతైన తెలివి ఉంది. కచేరీ గంటల తరబడి సాగుతుంది. జనం కిక్కిరిసి, కదలకుండా కూర్చుంటారు. తల బరువెక్కుతుంది, మెడ పట్టేస్తుంది. మందు అవసరం అక్కడే, అప్పుడే ఉంది. రాసుకున్నవాడికి పాట ముగిసేలోపే గుణం తెలిసిపోతుంది. ఆ వాసన పక్కవాడి ముక్కుకు తగిలి అతడూ అడుగుతాడు. కచేరీకి వచ్చేది నలుగురిలో మాట చెల్లేవాళ్లు. ఇళ్లకు పోయి నలుగురికి చెబుతారు.

మనసు వైపు నుంచి చూసినా ఆ పద్ధతిలో ఒక మేలుంది. కొనండి అని అడిగేవాడు రోజంతా కాదు అనే మాట వింటాడు. తీసుకోండి, రాసి చూడండి అని ఇచ్చేవాడు అది వినడు. వాడి చేయి ఇచ్చే చేయిగా ఉంటుంది. దిగులు పడుతూ అంగట్లో కూర్చునే గంటలు, నలుగురికి మేలు చేసే గంటలుగా మారిపోతాయి. అమ్మకం ఇవాళ కాకపోయినా, ఇవాళ ఒకరి తలనొప్పి తగ్గిందన్న తృప్తి మిగులుతుంది. కొత్త వ్యాపారి మనసు నిలబడటానికి ఆ మాత్రం ఆసరా చాలు.

మనకు దగ్గరలోనే దీనికి ఉదాహరణ ఉంది. పుత్తూరు కట్టు గురించి తెలియనివాళ్లు ఎవరు? కాలు విరిగిందంటే చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కూడా జనం పుత్తూరుకు వస్తారు. ఆ పేరు గోడల మీద రాతలతో రాలేదు. కట్టు విప్పుకుని నడిచిపోయిన ప్రతి కాలూ ఊరూరా తిరిగి చెప్పింది. బాగుపడిన మనిషి నోటి మాటే పెద్ద ప్రకటన. నాగేశ్వరరావు బొంబాయిలో నమ్ముకున్నది కూడా దాన్నే.

ప్లేగు నగరంలో

మాట మెల్లగా పాకుతున్న కాలంలోనే బొంబాయి మీద పిడుగు పడింది. 1896లో అక్కడ ప్లేగు మొదలైంది. చలికాలం ముగిసేలోపు లక్షల మంది నగరం వదిలి పారిపోయారు. మిల్లుల్లో కూలీలు లేరు, బజార్లలో జనం లేరు. అంగళ్లకు తాళాలు పడ్డాయి. ఆ తర్వాత కూడా ఏటేటా ప్లేగు తిరిగి వచ్చి పోతూనే ఉంది. కంపెనీ వయసు అప్పటికి మూడేళ్లు.

కరోనా రోజులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2020లో కొత్తగా పెట్టిన అంగళ్లు ఎన్ని మళ్లీ తెరుచుకోలేదో మన ఊళ్లలోనే చూశాం. మన తప్పేమీ లేకుండా వచ్చిన దెబ్బను కూడా మన తప్పుగానే లెక్కేసుకుని కుమిలిపోయినవాళ్లను చూశాం. అమృతాంజనం మాత్రం ఆ గండాన్ని దాటి నిలిచింది. చిన్న సీసా, చెడిపోని సరుకు, ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు కావలసిన మందు. ఏ కాలం మారినా తలనొప్పి మారదు. సరుకును ఎంచుకునేటప్పుడే ఎండకూ వానకూ ఓర్చుకునేదాన్ని ఎంచుకుంటే, యజమాని గుండెకు కూడా కొంత భారం తగ్గుతుంది.

తర్వాత 1905లో బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం లేచింది. విలాయతీ సరుకు వదిలి దేశవాళీ సరుకు కొనాలన్న పట్టుదల దేశమంతా పాకింది. పన్నెండేళ్లుగా ఓపికగా నిలబడిన దేశీ మందుకు ఆ గాలి కలిసొచ్చింది. అనుకూలమైన గాలి ఎప్పుడు వీస్తుందో మన చేతిలో లేదు. అది వీచేదాకా పడవ మునగకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని చాలామంది అనుకుంటారు. సబర్‌లో నిలబడటం ఉంది, రోజూ షట్టర్ ఎత్తడం ఉంది.

మళ్లీ మొదటి మెట్టు

అమృతాంజనం నాగేశ్వరరావును లక్షాధికారిని చేసింది. అక్కడితో ఆగి హాయిగా బతికేయవచ్చు. ఆయన మళ్లీ కొత్తదానికి దిగారు. 1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభ చూసి వచ్చాక, దేశంలో జరుగుతున్నది తెలుగువాళ్లకు తెలుగులో చెప్పే పత్రిక కావాలని ఆయనకు బలంగా అనిపించింది. మరుసటి ఏడు, 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు.

ఎక్కడి బొంబాయి, ఎక్కడి తెలుగు! చదివేవాళ్లందరూ వందల మైళ్ల అవతల, మద్రాసు రాజధానిలో, నైజాం ఇలాకాలో ఉన్నారు. పత్రిక అచ్చయ్యేది మరాఠీ, గుజరాతీ మాట్లాడే నగరంలో. నలభై ఏళ్ల వయసులో, అప్పటికే గెలిచిన మనిషి, మళ్లీ ఎవరికీ తెలియని సరుకు పట్టుకుని మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. ఆరేళ్లు అలాగే నడిపారు. 1914లో పత్రికను మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా తెచ్చారు. బొంబాయికీ మద్రాసుకూ మధ్య రైలు దారి అప్పటికే మన పుత్తూరు, రేణిగుంటల మీదుగా ఉండేది. ఆంధ్రపత్రిక మద్రాసు చేరడంతో మన ప్రాంతానికి కూడా దేశ సంగతులు దగ్గరయ్యాయి.

దినపత్రిక పెట్టిన నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించింది. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జనం వేలల్లో నగరం వదిలి పారిపోయారు. పత్రికలకు కాగితం ఓడల్లో బయటి నుంచి వచ్చేది. యుద్ధంతో దాని ధర పెరిగింది, దొరకడం కష్టమైంది. బొంబాయిలో ప్లేగు, మద్రాసులో యుద్ధం. ఆయన పెట్టిన ప్రతి వ్యాపారానికీ తొలి అడుగుల్లోనే పెద్ద పరీక్ష ఎదురైంది.

అయితే ఈసారి ఒక తేడా ఉంది. వెనుక అమృతాంజనం ఉంది. పత్రిక తన కాళ్ల మీద తాను నిలబడేదాకా, మందుల సీసా రాబడి దానికి ఊతమయింది. నడుస్తున్న వ్యాపారాన్ని వదిలేసి కొత్తదానిలోకి దూకడం ఆయన చేయలేదు. ఇంటిల్లిపాదీ తినే అన్నం కొత్త ప్రయోగం మీద ఆధారపడకుండా చూసుకున్నారు. మనకు ఇందులో పెద్ద పాఠం ఉంది. కొత్త వ్యాపారంలో నిద్ర పట్టనివ్వనిది ఎక్కువసార్లు వ్యాపారం కాదు. దాంట్లో పెట్టిన డబ్బులో పిల్లల ఫీజు, చెల్లి నికాహ్ కోసం దాచిన సొమ్ము, అమ్మీ నగలు కూడా కలిసి ఉండటమే. ఆ కుండ వేరు, ఈ కుండ వేరు అని మొదటి రోజే గీత గీసుకున్నవాడికి నష్టం వచ్చినా ఇంట్లో ముఖం చూపించే ధైర్యం మిగులుతుంది.

గల్లాపెట్టె నుంచి ప్రజలకు

ఆ తర్వాతి కథ తెలుగు దేశానికంతా తెలిసిందే. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక పెట్టారు. తెలుగులో రాయాలనుకునే ప్రతి పెద్ద రచయితకూ అది గౌరవ వేదిక అయింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల ప్రారంభించి పుస్తకాలు అచ్చువేయించారు. ఊరూరా గ్రంథాలయాలకు అండగా నిలబడ్డారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. జనం ఆయనకు దేశోద్ధారకుడు, విశ్వదాత అని బిరుదులు ఇచ్చుకున్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది.

ఇచ్చే గుణం ఆయనకు డబ్బు వచ్చాక పుట్టింది కాదు. కచేరీల దగ్గర ఉచితంగా మందు పంచిన చేయే తర్వాత పుస్తకాలకు, బడులకు, ఉద్యమానికి ఇచ్చింది. ముందు నాకు రావాలి, తర్వాత చూద్దాం అనుకునేవాడికి ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు. గల్లాపెట్టెలో పదిరూపాయలు పడిన రోజే అందులో సదఖాకు ఒక రూపాయి పక్కన పెట్టడం మన పెద్దలు నేర్పిన అలవాటు. అది పేదవాడికి మేలు చేస్తుంది. ఇచ్చినవాడి గుండెల్లో ఉన్న లేమి భయాన్ని కూడా కొంత తగ్గిస్తుంది.

శ్రీబాగ్ ఇంటి గడపలో రాయలసీమ

మన సీమవాళ్లు నాగేశ్వరరావును తలుచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మద్రాసులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న ఉద్యమంలో కోస్తావాళ్లతో చేరితే తమకు అన్యాయం జరుగుతుందని రాయలసీమ నాయకులకు భయం ఉండేది. చదువులో, నీళ్లలో, పదవుల్లో వెనకబడిపోతామని అనుమానం. రెండు పక్షాలూ ఆ ఇంట్లో కూర్చుని 1937 నవంబరు 16న ఒక ఒప్పందానికి వచ్చాయి. రాజధాని లేదా హైకోర్టు, రెండింటిలో సీమకు ఏది కావాలో కోరుకునే హక్కు, నదీజలాల్లో వెనుకబడిన జిల్లాలకు ముందు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం లాంటి మాటలు అందులో ఉన్నాయి. అదే శ్రీబాగ్ ఒడంబడిక. 1953లో కర్నూలు రాజధాని కావడానికి మూలం అక్కడే ఉంది. ఆ మాటల్లో ఎన్ని నిలిచాయి, ఎన్ని నిలవలేదు అన్న చర్చ నేటికీ మన జిల్లాల్లో నడుస్తూనే ఉంది.

బలమైన పక్షం బలహీనమైన పక్షం భయాన్ని కొట్టిపారేయకుండా, కూర్చోబెట్టి, విని, కాగితం మీద రాసుకున్న ఇల్లు అది. భాగస్వాములతో వ్యాపారం చేసేవాళ్లు కూడా ఇది పట్టుకోవచ్చు. అన్నదమ్ములైనా, ప్రాణస్నేహితులైనా ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి వాటా ఎంత, విడిపోవాల్సి వస్తే ఎలా అన్నది ముందే రాసుకోవాలి. ఇచ్చిపుచ్చుకోవడాలు రాసి పెట్టుకొమ్మని మన దీన్ కూడా చెబుతోంది. రాసుకోవడం అపనమ్మకం కాదు. మొహమాటం కొద్దీ నోరు మూసుకుని, లోపల అనుమానాలు పెంచుకుని, చివరికి సలాం కూడా చెప్పుకోని స్థితికి పోకుండా కాపాడేది ఆ కాగితమే.

ఆ ఒప్పందం అయిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందే, 1936లో, అమృతాంజనం ప్రజల వాటాలున్న కంపెనీగా మారింది. ఆయన తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ కంపెనీనీ పత్రికనూ నడిపించారు. ఆంధ్రపత్రిక 1991 దాకా వచ్చింది. అమృతాంజనం ఇంకా వస్తోంది. చెన్నై మైలాపూర్‌లో లజ్ దగ్గర ఆయన పేరు మీద ఉన్న నాగేశ్వరరావు పార్కులో ఉదయాన్నే జనం నడుస్తుంటారు.

మన అంగడి దగ్గరికి

ఇప్పుడు మళ్లీ కార్వేటినగరంలో బోణీ కాని ఆ అంగడి దగ్గరికి వద్దాం. నాగేశ్వరరావు కథ విని ఆ కుర్రాడి గల్లాపెట్టె నిండదు. కానీ ఆ కథ వాడికి ఒక కొలబద్ద ఇస్తుంది. 1893 నుంచి 1908 దాకా పదిహేనేళ్లు. ఒక వ్యాపారం నిలబడి, రెండోదానికి భుజం ఇవ్వగలిగే దాకా అంత కాలం పట్టింది. మూడు నెలలకే తనను తాను ఓడినవాడిగా లెక్కేసుకోవడం ఎంత తొందరపాటో అప్పుడు అర్థమవుతుంది.

ఆ కుర్రాడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బేరం లేని గంటల్లో ఫోన్ చూస్తూ కూర్చోకుండా, వచ్చినవాడు ఎందుకు కొనకుండా పోయాడో ఒక నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. కొనేవాళ్లు ఉన్న చోటికి తానే సరుకు పట్టుకుని పోయి చూపించవచ్చు. ఎంత పోతే ఆపాలో, ఎంతకాలం చూడాలో ముందే ఒక గీత గీసుకోవచ్చు. ఆ గీత దాటితే మూసేయడం ఓటమి కాదు. నాగేశ్వరరావు మద్రాసు వ్యాపారం కూడా మూతపడిందే. ఇంకో అప్పు చేసి ఈ అప్పు తీర్చే ఊబిలోకి మాత్రం దిగకూడదు.

ఇంటివాళ్లకు కూడా పని ఉంది. ప్రవక్త (స) తొలి వహీ అందుకుని వణుకుతూ ఇంటికి వచ్చిన రాత్రి, హజ్రత్ ఖదీజా (రజి.) దుప్పటి కప్పి, ధైర్యం చెప్పి పక్కన నిలిచారు. ఆమె స్వయంగా పెద్ద వ్యాపారి. కష్టంలో ఉన్న మనిషికి ముందు కావలసింది లెక్కలు కాదు, ఆసరా అని ఆమెకు తెలుసు. మన ఇళ్లలో కూడా కొడుకు అంగడి నుంచి రాగానే బేరం ఎంత అని అడిగే బదులు, అన్నం తిన్నావా నాయనా అని అడిగితే చాలు. తిన్నాక వాడే చెబుతాడు. చెప్పుకున్న దిగులు సగం తగ్గుతుంది. నిద్ర పూర్తిగా దూరమై, నెలల తరబడి తిండి సహించక, బతుకే వద్దనిపిస్తుంటే, అది ఈమాన్ లోపం అనుకుని దాచుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. జ్వరానికి పోయినట్టే దీనికీ పోవాలి.

రోజీ ఇచ్చేవాడు అల్లాహ్. బజారుకు దారి అడిగి నడవాల్సింది మనం. ఈ రాత్రి కణతలకు ఆ పసుపు మందు రాసుకునేటప్పుడు, దాన్ని మొదట ఊరికే పంచిపెట్టిన ఆ తెలుగు యువకుణ్ణి ఒకసారి తలుచుకుని పడుకోండి. పొద్దున ఫజర్ తర్వాత అంగడి తెరవాలి కదా.